కొండ మీద పొగ కనిపిస్తే

తత్వశాస్త్రం చదవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగేవాళ్లకు మామూలుగా రెండు జవాబులు దొరుకుతాయి. ఒకరు భగవద్గీత అంటారు, ఇంకొకరు సోక్రటీసు అంటారు. రెండూ గొప్పవే. కానీ గీతతో మొదలుపెట్టిన కొత్తవాడు వ్యాఖ్యానాల మధ్య ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతాడు. సోక్రటీసుతో మొదలుపెట్టినవాడు నాలుగు గ్రీకు పేర్లు నేర్చుకుంటాడు. ఎదుటివాడు చెప్పిన మాటను పట్టుకుని, అది నిలుస్తుందా పడుతుందా అని చూడటం మాత్రం ఇద్దరికీ పట్టుబడదు. తిరుపతిలో శాస్త్రం చదివే పిల్లలది వేరే దారి. వేదాంతం జోలికి పోకముందే వాళ్ల చేతికొచ్చే చిన్న పుస్తకం తర్కసంగ్రహం.

దీన్ని రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. తండ్రి పేరు తిరుమలాచార్యులు. కాశీలో ఆయనకు వచ్చిన పేరు ఎంతటిదంటే, కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో సామెత పుట్టింది. పసివాళ్లకు సులువుగా తెలియాలని ఈ పుస్తకం రాస్తున్నట్టు మొదట్లోనే చెప్పుకున్నాడు. కావ్యాలూ వ్యాకరణమూ చదివినా తర్కం చదవనివాడు పసివాడేనని వ్యాఖ్యాతల లెక్క. కాబట్టి యాభై దాటాక మొదలుపెట్టేవారు సిగ్గుపడక్కర్లేదు.

పాఠం ఎట్లా సాగుతుందో చూద్దాం. ఆవు అంటే ఏది అని గురువుగారు అడుగుతారు.

“కొమ్ములుండేది, స్వామీ.”

“మేకకు లేవా? ఎనుముకు లేవా?”

లక్షణం ఆవును దాటి పక్క జంతువుల మీదికి పోయింది. ఇది అతివ్యాప్తి. సరే, కపిల వర్ణంలో ఉండేది ఆవు అందాం. అప్పుడు తెల్లావులన్నీ బయట నిలబడతాయి. ఇది అవ్యాప్తి. ఒంటిగిట్ట ఉండేది అంటే ఒక్క ఆవుకూ అతకదు, అది అసంభవం. చివరికి నిలిచేది గంగడోలు. మెడ కింద వేలాడే ఆ తోలు ఉన్నదే ఆవు. ఎద్దుకూ ఉంది కదా స్వామీ అనే పిల్లాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. గోజాతి మొత్తానికీ చెప్తున్నాం నాయనా, అది మన వైపే అని గురువుగారు నవ్వుతారు.

దీనికంటే లోతైన పని పదకృత్యం. నిర్వచనంలోని ఒక్కొక్క మాటనూ తీసేసి, అది లేకపోతే ఏం కొంప మునుగుతుందో చూడటం. రంగును ఈ శాస్త్రం రూపం అంటుంది. కంటితో మాత్రమే తెలిసే గుణం రూపం అని దాని నిర్వచనం. ‘మాత్రమే’ ఎందుకు? తీసేసి చూడండి. సంఖ్య కూడా గుణమే, అదీ కంటికి తెలుస్తుంది. అయితే చీకట్లో చేత్తో తడిమినా లడ్డూలు రెండున్నాయని తెలుస్తుంది. ‘మాత్రమే’ అన్న మాట లేకపోతే రెండు అనేది కూడా ఒక రంగయి కూర్చుంటుంది. పోనీ, ‘గుణం’ ఎందుకు? రంగులన్నిటిలో ఉండే రంగుతనం కూడా కంటితోనే తెలుస్తుంది, కానీ అది గుణం కాదు, జాతి. దాన్ని బయట ఉంచడానికి ఆ మాట కావాలి. ఇట్లా నెల రోజులు చేసినవాడు ఆ తర్వాత పేపర్లో ఒక సంపాదకీయాన్ని మునుపటిలా చదవలేడు.

ఇక అసలు సంగతి, అనుమానం. మన ఇళ్లలో అనుమానమంటే శంక. శాస్త్రంలో అది కనిపించే గుర్తును పట్టుకుని కనిపించనిదాన్ని తెలుసుకోవడం. న్యాయశాస్త్రం, అంటే ఈ తర్కవిద్యే, తరతరాలుగా చెప్పుకొస్తున్న ఉదాహరణ కొండ మీది పొగ. ఎండాకాలంలో శేషాచలం అడవి అంటుకోవడం చూసిన తిరుపతివాళ్లకు అది పుస్తకంలో ఉదాహరణలా అనిపించదు. ఎదుటివాడికి నచ్చజెప్పాలంటే అయిదు మెట్లు. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తోంది కాబట్టి, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో మాదిరి, ఇది ఉదాహరణ. ఈ కొండా అట్లాంటి పొగ ఉన్నదే, ఇది ఉపనయం. కాబట్టి నిప్పుంది, ఇది నిగమనం. పుస్తకంలో వంటింటికి మహానసం అని ఉన్నచోట తిరుమలవాళ్లు శ్రీవారి పోటును తలుచుకోవచ్చు.

గ్రీకుల తర్కం మూడు మెట్లతో సరిపెట్టుకుంది, మనవాళ్లకు అయిదెందుకని కొందరు విసుక్కుంటారు. నా మటుకు మూడో మెట్టులోని వంటిల్లే ఈ పద్ధతికి ప్రాణం. ఎంత పెద్ద సూత్రం చెప్పినా, నువ్వూ నేనూ ఇద్దరం చూసిన చోటు ఒకటి చూపించు అంటుంది. ఆ చోటు మీద ఇద్దరికీ ఒప్పుదల లేకపోతే వాదం ముందుకు కదలదు.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా పిల్లలు ఇక్కడే నేర్చుకుంటారు. చలికాలం పొద్దున కొండను కమ్మిన మంచును పొగనుకుంటే, హేతువే అక్కడ లేదు. నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలని తిప్పి చెబితే, ఎర్రగా కాలిన ఇనపగుండు ఎదురు నిలుస్తుంది, నిప్పే తప్ప పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కూడా ఉండాలి. పైకి చెప్పకుండా లోపల దాక్కున్న ఆ షరతును ఉపాధి అంటారు. వాదాల్లో మనం మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

మన దగ్గర రోజూ వినిపించే అనుమానం ఒకటుంది. నున్నటి గుండు కనబడగానే, తిరపతి పోయొచ్చినావా అని అడుగుతారు. హేతువు గుండు; సాధ్యం, అంటే రుజువు చేయాల్సింది, తిరుమల యాత్ర. నిలుస్తుందా? పళనికి పోయినవాడికీ గుండే, తండ్రికి కర్మ చేసినవాడికీ గుండే, ఉక్క తట్టుకోలేక మంగలి దగ్గర కూర్చున్నవాడికీ గుండే. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కనిపించే ఇట్లాంటి హేతువుకు సవ్యభిచారమని పేరు. హేత్వాభాసాలు, అంటే హేతువుల్లా కనిపించే తప్పుడు హేతువులు, అయిదింటిలో ఇది మొదటిది.

అయితే ఈ పుస్తకంలో ఉన్నదంతా నమ్మాలని కాదు. బంగారాన్ని ఇది తేజస్సులో, అంటే నిప్పు కోవలో చేరుస్తుంది. శబ్దాన్ని ఆకాశపు గుణమంటుంది. ఆ భౌతికశాస్త్రానికి కాలం చెల్లింది. బంగారం తేజస్సెందుకయిందో చెప్పడానికి వాళ్లు చూపిన హేతువులను పట్టుకుని, ఎక్కడ పట్టు తప్పిందో కనిపెట్టడం మాత్రం మంచి సాధన. బట్టీ పట్టి పరీక్ష రాసి మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఏడు పదార్థాలు, తొమ్మిది ద్రవ్యాలు, ఇరవై నాలుగు గుణాలు అన్న పట్టిక తప్ప ఏమీ మిగలదు.

గురువు లేకుండా ఇది నడవదనే నా నమ్మకం. తిరుపతిలో ఆ కొరత లేదు. 1962లో సర్వేపల్లి రాధాకృష్ణన్ శంకుస్థాపన చేసిన విద్యాపీఠం 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైంది. అక్కడ న్యాయానికి ఒక శాఖ, అద్వైత, విశిష్టాద్వైత, ద్వైత వేదాంతాలకు వేర్వేరు శాఖలు ఉన్నాయి. న్యాయశాస్త్రంలో ఈ కాలపు మహాపండితుల్లో ఒకరైన ఎన్.ఎస్. రామానుజ తాతాచార్యులు ఆ విద్యాపీఠానికి ఉపకులపతిగా పనిచేశారు. తిరుపతికి రాలేనివాళ్లు తోడుగా ఒక్కరిని వెతుక్కున్నా చాలు. ఒకరు సిద్ధాంతం చెప్పాలి, ఇంకొకరు పూర్వపక్షం, అంటే దాని ఎదుటి వాదం, పట్టాలి, మరునాడు పక్షాలు మార్చుకోవాలి. తాను ఒప్పుకోని మాటను బలంగా వాదించడం కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టం.

తర్కసంగ్రహం అయ్యాక అన్నంభట్టు తానే రాసుకున్న దీపిక, ఆ తర్వాత విశ్వనాథ పంచాననుడి ముక్తావళి చదువుతారు. వేదాంతం ఆ పైన. ఆ వేదాంతానికీ తిరుమల కొండకూ చుట్టరికం పాతదే. రామానుజులు మేనమామ తిరుమలనంబి దగ్గర కొండ దిగువన ఏడాదిపాటు రామాయణ రహస్యాలు నేర్చుకున్నారనీ, వేదార్థ సంగ్రహాన్ని శ్రీవారి సన్నిధిలోనే ఉపన్యసించారనీ వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. సాళువ నరసింహుడు చంద్రగిరి నుంచి ఏలుతున్న కాలంలో ద్వైత గురువు వ్యాసరాయలు పన్నెండేళ్లు తిరుమల స్వామిని అర్చించారని మాధ్వులు చెప్పుకుంటారు. ఆ వ్యాసరాయలు తర్కాన్ని అడుగంటా చదివి, తర్కతాండవమని ఒక గ్రంథం రాశారు. నైయాయికుల, అంటే న్యాయశాస్త్ర పండితుల, నిర్వచనాలను ఒక్కొక్కటే తీసి, వాళ్ల పద్ధతిలోనే విరిచారు.