‘శైథిల్యం’ పదం – సున్నపురాయి బలం: పరిభాషా విమర్శ

‘వెదరింగ్’ అనే ఆంగ్ల పదానికి తెలుగు భూగోళ గ్రంథాల్లో ‘శైథిల్యం’ స్థిరపడింది. శిథిలమవడమంటే సడలి విడిపోవడం. ఈ అర్థం అన్ని రాళ్లకూ సమానంగా సరిపోదు. తూర్పు గోదావరి జిల్లా గౌరీపట్నం క్వారీలే ఇందుకు నిదర్శనం. అక్కడ సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్టు పొరల నడుమ సున్నపురాయి ఉంది. బసాల్టు శిథిలమైతే బంకమట్టి మిగులుతుంది. మార్పు కంటికి తెలుస్తుంది. సున్నపురాయిలోని కాల్సైటు మాత్రం కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాననీటిలో కరిగిపోతుంది. పగుళ్లు వెడల్పై, రంధ్రాలు పెరిగి, సంపీడన బలం తగ్గుతుంది. అయినా పైముఖం గట్టిగానే కనిపించవచ్చు. ఈ లోపలి నష్టాన్ని ‘శైథిల్యం’ స్ఫురింపజేయదు. దానికి తోడుగా ‘ద్రావణ క్షయం’ వంటి పదాన్ని పాఠ్యగ్రంథాలు స్వీకరిస్తే, తెలుగులో చదివిన విద్యార్థి పైపొరను చూసి రాతి బలాన్ని నిర్ణయించడు.