లోతు లెక్క

మట్టి పనిలో పొడవూ వెడల్పూ ఎక్కడికీ పోవు. ఎప్పుడొచ్చి టేపు పట్టినా గుంత అంచులు అక్కడే ఉంటాయి. చిక్కంతా లోతుతోనే. తవ్వకముందు నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పాల్సిన మట్టి అప్పటికే కట్ట మీదికో, ట్రాక్టర్‌లోకో చేరిపోయి ఉంటుంది. అందుకే తవ్వేవాళ్లు గుంత నడుమ కాస్త నేలను ముట్టుకోకుండా దిమ్మెలా వదిలేస్తారు. దాని నెత్తిన గడ్డి కూడా అలాగే ఉంటుంది. కొలతలు పడ్డాకే దాన్ని కొడతారు. ఘనపరిమాణం గురించి నేను చూసిన పాఠాల్లో దీన్ని మించింది లేదు.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న గుంత అనుకోండి. 200 ఘనపుటడుగులు, కూలి కట్టేది ఆ లెక్క మీదే. పొడవులో అరడుగు తక్కువ రాస్తే పోయేది 10 ఘనపుటడుగులే. అదే అరడుగు లోతులో తగ్గితే 50 పోతాయి, పావు వంతు కూలి! బళ్లో మూడింటినీ గుణించమన్నారే తప్ప, పొట్టి కొలత దగ్గరే ఒళ్లు దగ్గర పెట్టుకోమని చెప్పలేదు. (పాలల్లో నీళ్లు కలిపే లెక్కలు మాత్రం బాగా చేయించారు.)

పెద్దవూర దాటి నాగార్జునసాగర్ జలాశయం చేరేసరికి వ్యవహారం తలకిందులు. అక్కడ అందరి నోటా ఎత్తు ఒక్కటే: నిండితే 590 అడుగులు. అదీ సముద్రమట్టం నుంచి లెక్క, జలాశయం లోతు కాదు. పేపర్లో దాని పక్కనే టీఎంసీలుంటాయి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వెయ్యేసి అడుగులున్న పెట్టెను నింపితే ఒక టీఎంసీ. అవే నీళ్లను అడుగు మందాన పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు. పెట్టె సంగతి ఎలా ఉన్నా, ఈ ఎకరాల లెక్క మిర్యాలగూడ రైతుకు వెంటనే పడుతుంది.

కానీ సాగర్ పెట్టె కాదు, కొండల నడుమ కృష్ణా లోయ. అడుగున ఇరుకు, పైన వెడల్పు. పై అడుగులో పట్టినన్ని నీళ్లు కింది అడుగులో పట్టవు. పైగా ఆ 590 గీత దగ్గర మొదట్లో 408 టీఎంసీలు పట్టేవని లెక్క. పూడిక చేరి ఇప్పుడది 312. గీత కదల్లేదు, కింద నేల లేచింది. అక్కడ దిమ్మె వదలడం కుదరదు కదా, పడవల్లోంచి శబ్ద తరంగాలు పంపి అడుగు ఎక్కడుందో వెతకాల్సిందే.

సాగర్ ఎడమ కాల్వ కింద కోదాడ దాకా నీళ్లు అందుతాయా లేదా అని తగువు మొదలైన ఏడాది, నేను అడుగుల అంకె దాటేసి టీఎంసీలే చదువుతాను.