ఉయ్యాల దించాక

చిత్తూరు పల్లెల్లో తొలికాన్పు చాలావరకు పుట్టింటి బాధ్యత. బాలింత ఆసుపత్రి నుంచి ఇల్లు చేరేసరికి, ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరను అవ్వ తీసి పెట్టి ఉంటుంది. దూలానికి తాడు వేసి, చీరను రెండు మడతలుగా వేలాడదీసి ముడి కడుతుంది. తన బరువంతా మోపి ఆ ముడిని లాగి చూశాకే బిడ్డను అందులో వేస్తుంది. చీర అంచులు మొహం మీదికి మూసుకుపోకుండా పైన అడ్డంగా ఒక కర్ర పెడుతుంది. ఉయ్యాలకు సన్న తాడొకటి కట్టి, దాని కొస పట్టుకుని, చెనక్కాయలు ఒలుస్తూనో చింతపండు గింజలు తీస్తూనో ఊపుతూ ఉంటుంది. బిడ్డ మెదిలితే ఊపు పెంచుతుంది. సద్దుమణిగితే తగ్గిస్తుంది.

చేతులు నేర్చిన విద్య ఇది. ఇందులో నిలబెట్టుకోవలసింది చాలా ఉంది. మార్చుకోవలసింది కొంత ఉంది. ఏది ఏదో తేల్చుకోకపోతే బిడ్డకే నష్టం.

పసిబిడ్డ నిద్రకు పెద్దల నిద్రతో పోలిక లేదు. మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు, 4 నుంచి 11 నెలల బిడ్డకు పగటి కునుకులతో కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదటి వారాల్లో ఆ గంటలన్నీ ముక్కలు ముక్కలుగానే వస్తాయి. చిన్న కడుపు తొందరగా ఖాళీ అవుతుంది, పాలకు లేవక తప్పదు. పగలేదో రాత్రేదో శరీరానికి తెలిసిరావడం రెండు మూడు నెలల వయసులో మొదలవుతుంది. అందుకే నెల బిడ్డ రాత్రంతా మేలుకుంటే అది బిడ్డ మొండితనమూ కాదు, తల్లి చేతగానితనమూ కాదు. పగలు ఇంట్లో వెలుతురూ మాటల సందడీ ఉండనిచ్చి, రాత్రి పాలిచ్చేటప్పుడు దీపం తగ్గించి మాట్లాడకుండా ఉంటే ఆ తేడా బిడ్డకు త్వరగా అలవడుతుంది.

నిద్రలో బిడ్డ నవ్వితే దేవుడు నవ్విస్తున్నాడని పెద్దలు మురిసిపోతారు. ఆ నవ్వు వెనక రెప్పల కింద కళ్లు కదులుతుంటాయి, ఊపిరి ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా నడుస్తుంది. నిద్రలో కళ్లు ఇలా కదిలే దశ ఒకటుందని షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ 1953లో ప్రకటించారు. అసెరిన్‌స్కీ ఈ పని మొదలుపెట్టింది పసిపిల్లల కళ్లను గమనిస్తూనే. అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో దాదాపు సగం ఇలా కళ్లు కదిలే నిద్రే. కాబట్టి మూలిగిన ప్రతిసారీ ఎత్తుకోనక్కర్లేదు. కాసేపు చూస్తే చాలాసార్లు తనంతట తనే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది.

నిద్రకు ముందు ఒక వరస ఉండటం ఎంత ముఖ్యమో తిరుపతివాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కొండ మీద రాత్రి చివరి సేవ ఏకాంతసేవ. వెండి గొలుసులకు వేలాడే మంచం మీద భోగశ్రీనివాసమూర్తిని పవ్వళింపజేస్తారు. ధనుర్మాసంలో ఆ సేవ శ్రీకృష్ణమూర్తికి జరుగుతుంది. పాలు, పళ్లు నివేదిస్తారు, తాళ్లపాక వంశీకులు అన్నమయ్య లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. తరాలు మారినా వరస అదే. ఇంట్లో అవ్వ చేసేదీ ఇలాంటిదే: ఒళ్లంతా నూనె రాసి, లాల పోసి, పాలు పట్టించి, జోలపాట పాడటం. అమెరికాలో జోడీ మిండెల్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో 405 మంది తల్లులు పాల్గొన్నారు. రోజూ స్నానం, మర్దన, కాసేపు నెమ్మదైన ఆట లేదా పాట, ఆ వెంటనే పడక, ఇదే వరస పాటించిన ఇళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి లేవడం తగ్గింది. తల్లుల మనసూ కుదుటపడింది.

భుజాన వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరగడానికీ ఇప్పుడు శాస్త్రం దన్ను దొరికింది. జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం 2022లో ఇచ్చిన సలహా చాలా సూటిగా ఉంది. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపట్టాక వెంటనే దించకుండా, ఒళ్లో పెట్టుకుని మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోవాలి. ఆ తర్వాతే పడకపైకి చేర్చాలి. దించగానే బిడ్డ కెవ్వుమనడం తెలిసిన ఇళ్లన్నిటికీ ఈ ఓపిక పనికొస్తుంది.

మార్చుకోవలసింది పడక. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో సూచించింది. 1994లో దేశమంతా ప్రచారం నడిచింది. తర్వాతి ఏళ్లలో అక్కడ నిద్రలో సంభవించే ఆకస్మిక శిశుమరణాలు సగానికి పైగా తగ్గాయి. వెల్లకిలా పడకతో పాటు గట్టి, సమమైన పరుపు ఉండాలని, దిండూ మెత్తటి దుప్పటీ దగ్గర ఉండకూడదని వైద్యులు చెబుతారు. చీర ఉయ్యాల నడుమ గుంట పడుతుంది. అందులో బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటే సన్నని శ్వాసనాళం నొక్కుకుపోతుంది. మొహం పక్కకు తిరిగితే ముక్కు గుడ్డకు ఆనుతుంది. అలాగని ఉయ్యాలను ఇంట్లోంచి తీసేయనక్కర్లేదు. ఎదురుగా ఒకరు కూర్చుని ఊపుతున్నంతసేపు ఉయ్యాల, నిద్రపట్టాక వెల్లకిలా పరుపు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు మాత్రం అసలు వద్దు. లాల పోశాక పట్టే సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకు మంచిది కాదు. వేసవిలో చిత్తూరు ఉడికిపోతున్నా నిద్రలో టోపీ, మేజోళ్లు వేసే అలవాటు ఉంది. ఒళ్లు మరీ వేడెక్కడమూ ప్రమాదమే.

తల్లి పక్కలో బిడ్డ పడుకోవడం మన ఇళ్లలో మామూలు. ఒకే గదిలో, చేతికందే దూరంలో, విడి పడక మీద ఉంచడం మేలని వైద్యుల మాట. తాగి ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, మత్తు కలిగించే మందులు వేసుకున్నవాళ్లు బిడ్డను పక్కలో వేసుకోవడం ప్రాణాపాయం. సోఫాలో బిడ్డతో కునుకు తీయడమూ అంతే.

ఇవన్నీ డిశ్చార్జి రోజున తల్లికి చెబితే సరిపోదు. ఉయ్యాల ముడి ఉన్నది అవ్వ చేతిలో. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. బరువు, జ్వరం, బొడ్డు చూసేటప్పుడు బిడ్డ ఎక్కడ పడుకుంటోందో కూడా చూసి, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడితే పని జరుగుతుంది. అవ్వను తప్పుబట్టకుండా, ఆమె ఊపును, పాటను మెచ్చుకుని, పడక సంగతి చెబితే వింటుంది. ఇంకొన్ని గుర్తులు కూడా ఆమెకు చెప్పాలి: పాలకు లేపినా లేవనంత మగత, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పెదాలు నీలంగా మారడం, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం. వీటిలో ఏది కనబడినా దిష్టి తీస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.