దానప్రశంసయు గ్రహీత మాటయు

మన భాషలో దాతను గొనియాడిన వ్రాతలు పెక్కులు గలవు. పుచ్చుకొన్నవాని మాట వినిపించినవి మిక్కిలి తక్కువ. ఈ లోపము సాహిత్యముతో ఆగిపోలేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు అనావృష్టికి పేరుపడినవి. ఇట్టి సీమలో చలివేంద్రము పెట్టించుటకంటె మించిన పుణ్యము లేదందురు. నిజమే. కాని కుండను ముట్టదగినవారెవరు, ఎత్తునుండి పోసిన నీటిని దోసిట పట్టి త్రాగవలసినవారెవరు? ఒకే కుండలోని నీరు ఒకరికి మర్యాదగను, మఱియొకరికి అవమానముగను చేరిన కాలము మన తాతలనాటిదే. దాత పేరు ఫలకముపై నిలిచినది. దోసిలి పట్టినవాని మాట ఎచ్చటను నిలువలేదు.

పొరుగుననున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవున వేలమందికి అన్నము పెట్టెను. ఆయన కీర్తి సార్థకము. ఐనను ఆ కథ చెప్పువారు ధాన్యపుగాదె కడ ఆగిపోదురు. పంట పండించిన కూలికే గాదె ఏల లేకపోయెనను ప్రశ్న కథలో చొరదు. జమ్మలమడుగున లండను మిషనువారు 19వ శతాబ్దపు తుదిని నెలకొల్పిన ఆసుపత్రి, మన సంఘము ముట్టనివారిని ముట్టి చూచినది. అది గొప్ప పని. ఐనను ఆ మిషను పెత్తనము చాలకాలము తెల్లదొరల చేతిలోనే యుండెను.

ఈ చిక్కును సూటిగా పట్టిచూపినవాడు అంబేడ్కరు. 1932 సెప్టెంబరులో అస్పృశ్యతా నివారణకై పుట్టిన సంస్థ తరువాత హరిజన సేవక సంఘమైనది. అందు తొలుత సభ్యుడై యుండి ఆయన త్వరలోనే వైదొలగెను. బావులు, బడులు అందఱికిని సమానముగ దొరకునట్లు హక్కులకై పోరవలెనని ఆయన కోరిక. నిర్వాహకవర్గమున అస్పృశ్యులకు చోటేది యని అడుగగా, ఇది సవర్ణులు చేసికొను ప్రాయశ్చిత్తము, ధనమును వారిదే, కావున నిర్వహణమును వారిదే యని గాంధీజీ బదులిచ్చినట్లు అంబేడ్కరు 1945లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు, అప్పుపడినవాడు తీర్పవలసినదే. కాని అప్పెంతయో, ఎట్లు తీర్పవలెనో నిర్ణయించునపుడు అప్పిచ్చినవానిని బయట నిలిపినచో అది తీర్చుట యగునా?

1941లో వెలువడిన జాషువ 'గబ్బిలము' విలువ ఇచ్చటనే తెలియును. అందలి నాయకుడు భిక్షమడుగడు. తన ఫిర్యాదును శివుని సన్నిధికి పంపును. పుచ్చుకొనువాడే విమర్శకుడైన కావ్యమది.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. ధర్మసంస్థల కార్యవర్గమున ఎవరు కూర్చుండవలెనో అది చెప్పదు. ఆ పని మనది. కనుక ఇకమీదట దాతల చరిత్రలు వ్రాయువారు ఇచ్చిన మొత్తముతోబాటు, ఆ సొమ్ము లెక్క అడుగుటకు గ్రహీతకు అధికారము గలదా లేదా యనునదియు వ్రాయవలెను. అది లేని ప్రశంస సగము చరిత్రయే.