రాలే పిండి, కనబడే గీత

ధనుర్మాసంలో తెల్లవారకముందే జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో మా క్వార్టరు ముందు 15 చుక్కలు పెడతాను, 8 వచ్చేవరకు సందు చుక్క. నాన్న ఎ షిఫ్టుకు సైకిలు తీసేలోగా అమ్మ ఇదే ముగ్గు ముగించేది. గీత చెదరకుండా ఆయన సైకిలు ఎత్తి దాటించేవాడు.

40 ఏళ్లుగా వేస్తున్నా, ఇబ్న్ సీనాను చదివాకే ఒకటి గమనించాను. వేళ్ల సందునుంచి రాలేది పిండి రేణువులే, కంటికి మాత్రం ధార. 980లో బుఖారా దగ్గర పుట్టిన ఆ వైద్యుడు, రాలే వాన చినుకు గీతలా ఎందుకు కనబడుతుందని ఆలోచించాడు. కన్ను చూసేది చినుకు ఇప్పుడున్న చోటునే. ఇందాకటి చోటును పట్టి ఉంచి రెంటినీ కలిపే శక్తి లోపల ఉండాలి. అది 'హిస్ ముష్తరక్', ఇంద్రియాలన్నీ వచ్చి చేరే చోటు. చేరిన రూపాలను దాచేది 'ఖయాల్'. దాచినవాటిని విడదీసి కొత్తగా కూర్చేది 'ముతఖయ్యిల'. ఇవన్నీ నఫ్స్‌కు, అంటే ఆత్మకు, ఉన్న శక్తులే.

నిరుడు మెలికల ముగ్గులో ఒక మెలిక తప్పింది. చెరపకుండా అక్కడినుంచే తిప్పుకుంటూ పోతే, అమ్మ వేసే తామరా మా చిన్నత్త వేసే నెమలి మెడా కలిసి, నేనెన్నడూ చూడని పువ్వొకటి తేలింది. కొత్తది పుట్టించానని అనలేను. లోపల దాగినవే చేతిలోకి వచ్చి కలిశాయి.

అయినా నా మనసుకు దగ్గరివాడు తత్త్వవేత్త గజాలీ. 1111లో కన్నుమూసిన ఆయన ఒక పోటీ కథ చెప్పాడు. రాజు ముందు రూమ్ (బైజాంటియం) చిత్రకారులకు ఒక పక్క, చీనా వాళ్లకు ఎదుటి పక్క, మధ్యన తెర. రూమ్ వాళ్లు రంగులమీద రంగులు వేశారు. చీనా వాళ్లు తమ వైపును రుద్ది మెరుగుపెడుతూనే ఉన్నారు. తెర తీస్తే అవతలి బొమ్మంతా ఇవతల ఇంకా కాంతిగా వెలిగింది. తర్వాత కవి రూమీ తన మస్నవీ కావ్యంలో గీసినవాళ్లనూ రుద్దినవాళ్లనూ తారుమారు చేశాడు. రుద్దడాన్ని మాత్రం వదల్లేదు. ఆ రోజుల్లో అద్దమంటే మెరుగుపెట్టిన లోహం, వాళ్ల దృష్టిలో హృదయం అలా తుప్పు పట్టే అద్దం. ఆ తుప్పు నాకు తెలుసు. నేను పుట్టింది ఈ ఉక్కు ఊళ్లోనే, ఇక్కడ మొదటి ఉక్కు దిమ్మె పోసింది 1912లో. వానాకాలం వారం రోజులు పట్టించుకోకపోతే మా గేటు గొళ్లెం ఎర్రబడుతుంది.

అమ్మకు ముగ్గుకంటే ఊడ్చి కల్లాపి చల్లడానికే ఎక్కువసేపు పట్టేది. "పిండి ఇయ్యమ్మా" అని తొందరపెడితే "నేల ఇంకా సిద్ధం కాలేదే" అనేది. ఇప్పుడు తడి ఇంకేదాకా పిండి గిన్నె ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటాను. ఏ ముగ్గు వెయ్యాలో అప్పుడు అనుకోను. తడి నేలమీద వీధి దీపం వెలుగు సన్నగా కదులుతుంటుంది. దాన్నే చూస్తాను.