కట్టప్ప చదివిన బడి

2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఒకే ప్రశ్న అడిగింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీకొట్ల దగ్గర, కాలేజీ హాస్టళ్ళలో, పత్రికల్లో, ఎక్కడ చూసినా ఇదే మాట. అసలు కట్టప్ప బానిసగా ఎందుకున్నాడని మాత్రం దాదాపు ఎవరూ అడగలేదు. అది అడిగి ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు కోసం రెండేళ్ళు కాచుక్కూచునే పని ఉండేది కాదు. చంపమంటే చంపే మనిషిగా తయారుచేశారు గనక చంపాడు. ఆ జవాబు మొదటి భాగంలోనే ఉంది.

ఇదంతా కల్పిత రాజ్యం గదా, దానిమీద ఇంత చర్చ దేనికని కొందరంటారు. కల్పితం గనకే చర్చ కావాలి. చరిత్ర రాసేవాడికి ఆధారాలు అడ్డుపడతాయి. ఊహలో రాజ్యం కట్టేవాడికి అడ్డేముంది? బానిసలు లేని రాజ్యం కట్టొచ్చు. అంత స్వేచ్ఛ చేతిలో ఉండి కూడా విజయేంద్రప్రసాద్ కథకూ రాజమౌళి తెరకూ తోచిన సమాజం ఇదీ: పైన క్షత్రియులు, వాళ్ళ కాళ్ళ దగ్గర పుట్టుబానిస, పొలిమేర అవతల నల్లటి ఆటవికులు. ఈ ఊహ ఎక్కణ్ణించి వచ్చిందో మనకు వేరే చెప్పక్కర్లేదు. నేనిక్కడ ఒక్క విషయమే పట్టుకుంటున్నాను. ఈ యోధుల సమాజం తన పిల్లల్ని పెద్దవాళ్ళ పనులకు ఎట్లా తయారుచేస్తుంది? ఎవరికి ఏది నేర్పుతుంది, ఏది నేర్పకుండా ఆపుతుంది?

రాజకుమారుల చదువును సినిమా వివరంగానే చూపిస్తుంది. అమరేంద్ర బాహుబలినీ భల్లాలదేవుణ్ణీ శివగామి ఒక్క తీరుగా పెంచుతుంది. విద్యలన్నీ ఇద్దరికీ సమానమే. కాలకేయులతో యుద్ధం చివరి పరీక్ష. శత్రునాయకుణ్ణి చంపినవాడిదే సింహాసనమని షరతు. చంపేది భల్లాలుడు, సింహాసనం దక్కేది బాహుబలికి. ఎందుకంటే, శత్రువు తమ జనాన్నే బందీలుగా పట్టి అడ్డం పెట్టినప్పుడు భల్లాలుడు వాళ్ళను తొక్కుకుంటూ పోయాడు, బాహుబలి వాళ్ళను బతికించే ఉపాయం వెతికాడు. అంటే పరీక్షలో మార్కులు పడింది వివేకానికన్నమాట. యుద్ధానికి ముందు బలి దృశ్యంలో కూడా అంతే. ఆచారం ప్రకారం పశువును నరకాలి. బాహుబలి నరకను పొమ్మని, తన చెయ్యి కోసుకుని రక్తం ఇస్తాడు. ఆచారాన్ని కాదన్నందుకు శిక్ష లేదు, మెప్పు ఉంది. రాచబిడ్డ చదువులో అసలు పాఠం ఇదే: నీకు న్యాయం కాదని తోస్తే కాదను. (గ్రామదేవతల జాతరల్లో పశుబలి ఎవరి పని, ఆ పనికి నీచత్వం అంటగట్టి దయాగుణాన్ని రాజుల పేర ఎట్లా రాసుకున్నారు అనేది వేరే వ్యాసమే అవుతుంది.)

మరి కట్టప్ప సంగతి? ఆయుధవిద్యలో అతనికి తక్కువేమీ లేదు. రాజ్యంలో అతని చేతికి సాటివచ్చే చెయ్యి అరుదు. యుద్ధవ్యూహం తెలుసు, లోహం మంచిచెడ్డలు తెలుసు. కానీ ఈ విద్యలన్నీ అతను ఏ వయసులో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో సినిమా చెప్పదు. రాకుమారుల బాల్యానికి ఉన్నంత చోటు బానిస బాల్యానికి లేదు. మనకు తెలిసేదల్లా, అతని తాతముత్తాతలు ఈ సింహాసనానికి కట్టుబడి ఉంటామని మాటిచ్చారు, ఆ మాట అతని మీదికి దిగింది. ఆయుధాల వ్యాపారి అస్లంఖాన్ అతని నేర్పు చూసి ముచ్చటపడి, విడిపిస్తాను రమ్మంటాడు. కట్టప్ప రానంటాడు. హాల్లో చప్పట్లు. సంకెళ్ళు వదులుకోనన్న మనిషికి చప్పట్లు కొట్టించగలగడం చిన్న పనేమీ కాదు, ఆ మేరకు దర్శకుడి సామర్థ్యం ఒప్పుకోవాల్సిందే.

ఇక్కడ ఒక చట్టం గుర్తుచెయ్యాలి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అప్పు కింద చేసే చాకిరీని మాత్రమే లెక్కలోకి తీసుకోలేదు. ఆచారం పేరుతో చేసేది, తాతతండ్రుల నుంచి వారసత్వంగా మీదపడిన బాధ్యత కింద చేసేది, ఫలానా కులంలో పుట్టినందుకు చేసేది కూడా వెట్టేనని రాసింది. ఆ నిర్వచనంలో కట్టప్ప సరిగ్గా పడతాడు. జీతగాళ్ళను విడిపించేందుకు పల్లెల్లో తిరిగిన కార్యకర్తలకు ఈ మనిషి బాగా తెలుసు. మా తాత మాటిచ్చాడయ్యా, దొర ఉప్పు తిన్నాం గదయ్యా అంటాడు. ఆ మాట తీయించడం అప్పు తీర్చడం కన్నా కష్టం. సినిమా ఆ మాటకు ‘నమ్మినబంటు’ కిరీటం పెట్టింది.

రెండో భాగంలో శివగామి ఆజ్ఞ ఇస్తుంది: బాహుబలిని చంపు. కట్టప్ప బతిమాలతాడు, తన చేత కాదంటాడు. నువ్వు చంపకపోతే నేనే చంపుతానంటుంది ఆమె. అంతే, వెళ్ళి వెనకనుంచి పొడుస్తాడు. ఈ దృశ్యాన్ని బలి దృశ్యం పక్కన పెట్టి చూడండి. ఒక పశువును చంపమన్న ఆచారానికి రాకుమారుడు ఎదురు చెప్పాడు. తను ఎత్తుకుని పెంచిన, మామా అని పిలిచే మనిషిని చంపమన్నప్పుడు బానిస ఎదురు చెప్పలేకపోయాడు. ఆ పని తప్పని అతనికి తెలీక కాదు, తెలిసే ఏడుస్తూ చేశాడు. తప్పొప్పులు తెలుసుకునే బుద్ధి అతనికుంది, దాని ప్రకారం నడిచే హక్కు అతని చదువులో లేదు. ఆ తర్వాత 25 ఏళ్ళు భల్లాలుడి కొలువులోనే ఉంటాడు. చివర్లో కొత్త రాజు పట్టాభిషేకం చేసుకుంటాడు. తాతల నాటి ప్రమాణం రద్దయిందన్న మాట మాత్రం మనకు వినపడదు.

ఇంకో మనిషి ఉన్నాడు, కుమారవర్మ. కుంతల రాజ్యంలో పుట్టిన క్షత్రియుడు, పిరికివాడు. పిండారీలు మీదపడినప్పుడు దాక్కుంటాడు. బాహుబలి అతని చేతికి ఆయుధమిచ్చి నాలుగు మాటలు చెప్తాడు. ఆ క్షణం నుంచి అతను వీరుడు! పుట్టుకతో హక్కున్న పిరికివాడిని మనిషిని చెయ్యడానికి నాలుగు మాటలు చాలాయి. రాజ్యానికి కండగా బతికిన కట్టప్పకు ఆ నాలుగు మాటలు ఎవరూ చెప్పలేదు. దేశమంతా కలిసి తిరిగారు, పక్కపక్కన నిలబడి యుద్ధాలు చేశారు, మామా అని నోరారా పిలిచాడు. నువ్వు బానిసవు కాదు మామా అన్న ఒక్క మాట బాహుబలికి కూడా తోచలేదు.

ఏకలవ్యుడి గురించి మనవాళ్ళు చాలా రాశారు. అక్కడ సమస్య విద్య నిరాకరణ. ద్రోణుడు నేర్పనన్నాడు, నేర్చుకున్న వేలును అడిగి తీసుకున్నాడు. కట్టప్ప విషయంలో విద్య అంతా ఇచ్చారు, వేలు జోలికి పోలేదు, నిర్ణయం మాత్రం తమ దగ్గరే పెట్టుకున్నారు. మన కాలానికి ఏకలవ్యుడి కన్నా కట్టప్ప దగ్గరి మనిషని నాకనిపిస్తుంది. పల్నాటి వీరుల కథలో మాల కన్నమదాసు ఉన్నాడు. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకుగా చేసుకున్నాడనీ, సేనాపతిని చేశాడనీ, కులాలన్నీ ఒక్కచోట కూచుని తినే చాపకూడు పెట్టాడనీ ఆ కథ చెప్తుంది. ఆ యుద్ధం ఎవరి కోసం అన్న ప్రశ్న అక్కడా ఉంది, కాదనను. అయినా ఆ పాతకథ ఒక మాలవాణ్ణి కొడుకు వరసలోకి తేగలిగింది. కారెంపూడిలో ఇప్పటికీ ఏటేటా వీరుల ఉత్సవం జరుగుతుంది. 21వ శతాబ్దపు సినిమా మాత్రం మామ అనే పిలుపు దగ్గరే ఆగిపోయింది.

శిక్షణ లేకపోయినా వీరుడయ్యేవాడు ఒకడున్నాడు. శివుడు. జలపాతం కింద ఊళ్ళో సంగ అనే తల్లి పెంచింది. ఆ ఊళ్ళో యుద్ధవిద్య లేదు, గురువు లేడు. అయినా కొండెక్కి రాగానే ఆరితేరిన సైనికులను ఓడిస్తాడు. ఎట్లా? రక్తం. అతని మొహం చూడగానే కట్టప్ప పరుగున వచ్చి అతని పాదం తీసుకుని తన నెత్తిన పెట్టుకుంటాడు. పెంచిన తల్లి చేతికి, తిన్న తిండికి, తిరిగిన అడవికి విలువ లేదు, బీజానిదే మహిమంతా. మనువు ఇంతకన్నా ఏం చెప్పాడు?

అవతల కాలకేయులు. వాళ్ళ కోసం కిలికి అని ఒక భాషనే తయారుచేశారు, దాని గురించి గొప్పగా చెప్పుకున్నారు. భాష ఇచ్చారు గానీ బాల్యం ఇవ్వలేదు. వాళ్ళకు బడి లేదు, తల్లి లేదు, చంపదగ్గ నల్లటి గుంపు అంతే. తమిళ ప్రతిలో అరుంధతీయులను కించపరిచే మాట ఉందని 2015లోనే నిరసన లేచింది, మాటల రచయిత విచారం ప్రకటించాడు. తమిళనాడులో అరుంధతీయులు చాలామంది ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, మన మాదిగల బంధువులు. మన పత్రికలు దీన్ని పట్టించుకున్నది తక్కువ. అవంతిక సంగతి కూడా అప్పుడే కొందరు స్త్రీలు రాశారు. పోరాటం కోసం తయారైన పిల్లను, ఆమె ఇష్టం అడక్కుండా బట్టలు లాగి, కాటుక పెట్టి ‘ఆడదాన్ని’ చేస్తాడు నాయకుడు. ఏళ్ళ శిక్షణ ఒక పాటలో రద్దు.

సిపాయి శిక్షణకు ఇంకో చరిత్ర కూడా ఉంది. రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. సైన్యంలో చేరిన మహర్లకు తుపాకీతో పాటు అక్షరం కూడా దొరికింది. దండు ఉన్న మౌ ఊళ్ళో 1891లో పుట్టిన అతని కొడుకు అంబేడ్కర్. తర్వాత మహర్లను సైన్యంలోకి తీసుకోవడం ఆపేశారు, ‘వీరజాతులు’ అని కొన్ని కులాలను ఏరుకున్నారు. అడగ్గా అడగ్గా 1941లో గానీ మహర్ రెజిమెంటు రాలేదు. బ్రిటిష్ వాడి దయను పొగడటం నా ఉద్దేశం కాదు, వాడి అవసరం వాడిది. కానీ ఆ బారకాసులో అక్షరం చేరినందుకు, విధేయతకు పనికొచ్చే కుటుంబం నుంచి ప్రశ్న పుట్టింది. మాహిష్మతి బానిసకు కత్తి ఇచ్చింది, అక్షరం గురించి మాట్లాడదు.

రెండు భాగాల మధ్యకాలంలోనే, 2016 జనవరి 17న, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు అంతకుముందు క్యాంపస్‌లోనే వెలివాడ వేసుకుని చలిలో పడుకున్నారు. పరిశోధన చెయ్యమని సీటిచ్చారు, సొంతంగా ఆలోచించి ఒక పక్షాన నిలబడితే గదులకు తాళాలు వేశారు. ఆ ఏడాది కూడా మన కుర్రాళ్ళే బాహుబలి ఫ్లెక్సీలు కట్టారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. క్లాసులో ప్రశ్న అడిగినవాణ్ణి పొగరుబోతని, చెప్పింది చేసినవాణ్ణి మంచి పిల్లాడని అనేది మన ఉపాధ్యాయుల్లో ఎంతమందిమి కాదు?

2017లో ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో రాసిన నవల వచ్చింది, శివగామి కన్యగా ఉన్నప్పటి మాహిష్మతి కథ. అందులో కట్టప్ప యువకుడు, రాకుమారుడి సేవలో ఉంటాడు. అతనికి శివప్ప అని ఒక తమ్ముడున్నాడు. ఈ బానిసత్వం నాకు వద్దని, స్వేచ్ఛ కావాలని పెనుగులాడే పిల్లవాడు. ఒకే ఇంట్లో, ఒకే తాతల మాట కింద పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు, ఒకడు తలవంచాడు, ఒకడు వంచలేదు. దీన్నిబట్టి కట్టప్పకు వేరే దారి లేదన్నది నిజం కాదని మాహిష్మతి కథ చెప్పేవాళ్ళకే తెలుసు. రెండు భాగాల సినిమాలో శివప్ప ఎక్కడా కనిపించడు.