రెండు గొట్టాలు, ఒకే గురి

పాత డబుల్ రైఫిల్ ఒకటి అమ్మకానికి వచ్చిందంటే కొనేవాళ్ల చూపు ముందుగా దాని మీద చెక్కిన పేరు మీదికే పోతుంది. హాలండ్ అండ్ హాలండా, పర్డీయా, రిగ్బీయా, వెస్ట్లీ రిచర్డ్సా అని. తర్వాత ఉక్కు మీది నగిషీ, వాల్‌నట్ కర్రలో తేలిన చారలు. ఇవన్నీ ధర పెంచేవే, కాదనను. కానీ పక్కపక్కన అతికిన ఆ రెండు గొట్టాల్లోంచి వెళ్లిన తూటాలు ఒకేచోట తగులుతున్నాయా అన్నది వీటన్నిటికంటే ముందు తేలాల్సిన సంగతి. తగులుతుంటే వందేళ్ల కిందటి పనివాడి కష్టం ఇంకా చెక్కుచెదరలేదని అర్థం. తగలకపోతే ఎంత గొప్ప పేరున్నా అది మరమ్మతు సరుకే. ధర కట్టడం ఇక్కణ్ణుంచే మొదలవ్వాలి.

రెండు గొట్టాలను సమాంతరంగా అతికిస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సరిపోదు. కుడి గొట్టం పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నడంతో ఆగదు, పైకి లేస్తూ కుడివైపుకి తిరుగుతుంది. ఎడమ గొట్టం పేలితే ఎడమవైపుకి. తూటా ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలైపోతుంది. అందుకని మూతుల దగ్గర రెండు గొట్టాలనూ ఒకదానివైపు ఒకటి కాస్త వాల్చి కలపాలి. ఎంత వాల్చాలన్నది లెక్క వేస్తే సుమారుగా తెలుస్తుంది కానీ కచ్చితంగా తెలియదు. గొట్టం మందం, రైఫిల్ బరువు, తూటా బరువు, మందు వేగం, అన్నీ అందులో వేలు పెడతాయి. కాల్చి చూసుకోవడం ఒక్కటే దారి.

ఆ పని చేసేవాణ్ణి రెగ్యులేటర్ అంటారు. గొట్టాల మధ్య మూతుల దగ్గర చిన్న ఉక్కు చీల ఉంచి, తాత్కాలికంగా టంకంతో బిగించి, లక్ష్యం మీదికి కుడి గొట్టం ఒకసారి, ఎడమ గొట్టం ఒకసారి కాలుస్తాడు. గుర్తులు దూరంగా పడ్డాయనుకోండి, మూతుల్ని వేడిచేస్తాడు. టంకం కరుగుతుంది. చీలను వెంట్రుకవాసి లోపలికో బయటికో జరిపి, చల్లారనిచ్చి, మళ్లీ కాలుస్తాడు. ఒక గొట్టం పైకి, ఇంకొకటి కిందికి కొడుతుంటే దాన్నీ అలాగే సరిచేయాలి. ఇలా ఎన్నోసార్లు. రెండు గొట్టాల గుర్తులూ ఒకచోట కలిసి, ఒకదాన్నొకటి దాటకుండా కుదిరాకే పై పట్టీ, కింది పట్టీ శాశ్వతంగా అతుకుతాయి. తుపాకీ తయారీలో చాలా పనులు యంత్రాలకు వెళ్లిపోయాయి కానీ ఈ పని ఇప్పటికీ మనిషి భుజం మీదా కంటి మీదా నడుస్తోంది. కొత్త డబుల్ రైఫిల్ ఖరీదు అంతుండటానికి ఇదొక పెద్ద కారణం. పాతదాని విలువలో సగం ఇక్కడే దాగి ఉందని నా లెక్క.

పని అంతా ఒక ఫలానా తూటాతో, ఫలానా మందుతో కాల్చి కుదిర్చిందే. ఉదాహరణకు .470 నైట్రో ఎక్స్‌ప్రెస్‌నే తీసుకుందాం. 500 గ్రెయిన్ల తూటా, అంటే దాదాపు 32 గ్రాములు. దాని వెనక 75 గ్రెయిన్ల కార్డైట్ మందు. సెకనుకు సుమారు 2,150 అడుగుల వేగం. ఆ కొలతలు గొట్టాల అడుగున చెక్కి ఉంటాయి, చాలాసార్లు పెట్టె మూత లోపలి కాగితం మీదా ఉంటాయి. వాటికంటే నెమ్మదిగా పోయే తూటా వేస్తే అది గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా రైఫిల్ ఎక్కువ తిరుగుతుంది, కుడి గొట్టం కుడికీ ఎడమ గొట్టం ఎడమకీ కొడుతుంది. వేగం ఎక్కువైతే తూటాలు అడ్డంగా దాటుకుంటాయి. ఈ సంగతి తెలియక మంచి రైఫిల్‌ను చెడిపోయిందని తక్కువకు అమ్ముకున్నవాళ్లున్నారు. గుర్తులు ఎటు విడిపోయాయో చూస్తే తప్పు మందుదా రైఫిల్‌దా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. సరైన తూటాతో 50 గజాల్లో గొట్టానికి రెండు చొప్పున నాలుగూ అరచేతి వెడల్పులో పడ్డాయంటే ఇక పేరు గురించి బేరం మాట్లాడుకోవచ్చు.

.470 పేరు ఇక్కడ ఊరికే రాలేదు. ఈ రైఫిళ్ల ధరల్లో మన దేశ చరిత్ర ఒకటి ఇమిడి ఉంది. 1898లో జాన్ రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. అంతకుముందు నల్లమందుతో పేలే పెద్ద రైఫిళ్లుండేవి. పొగరాని కార్డైట్‌తో తూటా సన్నబడింది, వేగం పెరిగింది, ఏనుగు వేటకు కూడా ఆ .450 చాలింది. అయితే బ్రిటిష్ సైన్యం పాత మార్టినీ-హెన్రీ తుపాకులు కూడా .450వే. ఆ కొలత తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో 1907 ప్రాంతంలో ప్రభుత్వం ఇండియాలోకి .450 రైఫిళ్లు, తూటాలు రాకుండా ఆపేసింది. రాజాలు, అధికారులు, టీ తోటల దొరలు కొనే మార్కెట్ అది. ఏ తయారీదారూ దాన్ని వదులుకోలేడు. అందుకని హాలండ్ .465 తెచ్చింది. జోసెఫ్ లాంగ్ రూపొందించిన .470ను తయారీదారులు చాలామంది అందిపుచ్చుకున్నారు. .475లో ఒకటికి రెండు రకాలు వచ్చాయి. ఇండియా కోసం తీసిన ఆ ఆదేశమే ఇవాళ లండన్‌లోనూ అమెరికాలోనూ ఏ రైఫిల్ తొందరగా అమ్ముడుపోతుందో నిర్ణయిస్తోంది.

ఎందుకంటే తూటా దొరకని రైఫిల్‌కు గోడ మీద తప్ప వేరే చోటు లేదు. ఇంగ్లండ్‌లో కైనాక్ కంపెనీ పెద్ద తూటాల తయారీ ఆపేశాక ఈ రైఫిళ్ల ధరలు బాగా పడిపోయాయి. 1980ల చివర అమెరికాలో ఫెడరల్ కంపెనీ .470ను మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. కైనాక్ పేరుతో ఇంగ్లండ్‌లోనూ తయారీ తిరిగి లేచింది. దాంతో .470కి మిగతావాటికి లేని గిరాకీ వచ్చింది. పక్కనే .475 నంబర్ 2 సంగతి చూడండి. అదే పేరుతో జెఫ్రీ కంపెనీ వాళ్లది ఇంకొకటుంది, దాని తూటా వ్యాసం కాస్త ఎక్కువ. ఒకదానిది ఇంకొకదాన్లో వేస్తే ప్రమాదం. గొట్టం లోపలి కొలత తీయించకుండా ఈ రకం కొనడం అసలు మంచిది కాదు.

ఇప్పుడు చేతిలోకి తీసుకుందాం. రైఫిల్ ఖాళీగా ఉందని రెండు గొట్టాలూ చూసి నిర్ధారించుకున్నాక గొట్టాల కింద ఉండే ముందు కర్రను విప్పేయాలి. పట్టు దగ్గర పట్టుకుని మెల్లగా ఊపితే, గొట్టాలు కీలు దగ్గర వదులై ఉన్నవి టకటకమంటాయి. ముందు కర్ర ఉంటే దాని స్ప్రింగు ఆ వదులును దాచేస్తుంది. తర్వాత గొట్టాల వెనక అంచు వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. మూసినప్పుడు అంచుకూ, గొట్టాలను వెనక నుంచి మూసే ఉక్కు భాగమైన యాక్షన్ ముఖానికీ మధ్య వెలుగు గీత కనబడకూడదు. అనుమానముంటే యాక్షన్ ముఖానికి దీపం మసి సన్నగా పట్టించి మూసి తెరిస్తే ఎక్కడ తగిలిందో ఎక్కడ తగల్లేదో మసే చెబుతుంది. వదులైన దాన్ని బిగించొచ్చు. కీలు పిన్ను కొత్తది వేసి బిగిస్తే అది మరమ్మతు. సుత్తితో కొట్టి లోహాన్ని సాగదీసి బిగిస్తే అది మోసం. సుత్తి దెబ్బల గుర్తులు కీలు దగ్గర కొక్కెం చుట్టూ వెతకాలి.

గొట్టాలను విడిగా తీసి, వేలికి తగిలించి వేలాడదీసి, గోటితో కొట్టి చూడటం ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే. పట్టీలు గట్టిగా అతికి ఉంటే గుడి గంటలా ఖంగున మోగి కాసేపు నిలుస్తుంది. ఎక్కడో టంకం వదిలిందంటే జర్రుమని అణిగిపోతుంది. ఆ జర్రుకు పదివేల రూపాయల తగ్గింపుతో ఊరుకునేవాళ్లు దాని అర్థం తెలియనివాళ్లు. పట్టీ మళ్లీ అతికించాలంటే గొట్టాలను వేడిచేయాలి, వేడిచేస్తే గురి మళ్లీ మొదట్నించీ కుదర్చాలి, తర్వాత మళ్లీ నల్లరంగు ఎక్కించాలి. తయారీలో సగం పని అక్కడ తిరిగి చేయాల్సి వస్తుంది.

గొట్టం లోపల వెలుతురు వేసి చూడటం అందరికీ తెలిసిందే. ఎక్కడ చూడాలన్నదే ముఖ్యం. పాతకాలం తూటాల క్యాపుల్లోని రసాయనాలు పేలాక ఉప్పు మిగిల్చేవి, ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకునేది. కాల్చిన సాయంత్రమే మరుగుతున్న నీళ్లతో కడగని గొట్టానికి తుప్పు గుంటలు పడేవి. మనలాంటి తేమ వాతావరణంలో ఇంకా తొందరగా. తూటా కూర్చునే చోటు ముందు భాగంలో, మూతి దగ్గర గుంటలు ఎక్కువ. మధ్యలో అక్కడక్కడా సన్నని మచ్చలుంటే గురికి పెద్ద నష్టం లేదు, ధరలో కొంత కోత చాలు. తూటాను తిప్పే లోపలి గాట్ల అంచులే అరిగిపోయాయంటే కోత పెద్దదే. కొందరు గొట్టాల లోపల కొత్త ఉక్కు తొడుగు వేయించి అందంగా అమ్ముతారు. మంచి పనే కావచ్చు, కానీ అసలు గొట్టాల ధర దానికి రాదు.

గొట్టాల అడుగున ఉండే ప్రూఫ్ ముద్రలు చదవడం నేర్చుకోని వ్యక్తి ఈ రైఫిల్ కొనకూడదని గట్టిగా చెబుతాను. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నాటి చట్టంతో వచ్చింది, లండన్‌ది అంతకంటే చాలా పాతది. ఎక్కువ మందుతో పేల్చి తట్టుకున్న గొట్టానికే ముద్ర వేసేవారు. నల్లమందుకు పరీక్షించిన రైఫిల్, కార్డైట్‌కు పరీక్షించిన రైఫిల్ పైకి ఒకేలా ఉండొచ్చు, తూటా కూడా ఒకే కొలత అయ్యుండొచ్చు. .500లో ఇది మామూలే. నైట్రో, అంటే పొగరాని మందు ముద్ర లేని గొట్టంలో నైట్రో తూటా పేల్చితే గొట్టమే పగలొచ్చు. ధరలోనూ వాటి మధ్య చాలా తేడా ఉంటుంది.

ఇక పైపై మెరుగు. స్క్రూ తలలు చూడండి. మంచి పనితనంలో వాటి గాళ్లన్నీ గొట్టం పొడుగునా ఒకే దిశలో నిలిచి ఉంటాయి. గాడి అంచులు చితికి ఉంటే ఎవరో చేతకానివాళ్లు విప్పారన్నమాట. నగిషీ అంచులు మెత్తబడ్డాయంటే ఉక్కును సానబట్టారు. యాక్షన్ మీద కొత్త రంగు మెరుస్తూ కర్ర మాత్రం వందేళ్ల పాతదిగా ఉంటే ప్రశ్నలు అడగాలి. చేతి రాపిడికి నల్లరంగు పోయి వెండి రంగు తేలిన రైఫిల్‌ను చాలామంది మెరుగు పెట్టించి అమ్ముతారు. దాంతో పాత వస్తువుల విలువ తెలిసినవాళ్లు దూరమవుతారు. అరిగినదాన్ని అరిగినట్టే ఉంచిన రైఫిల్‌కే నేను ఎక్కువ పెడతాను. కర్రలో, యాక్షన్ వెనక సన్నబడే చోట, నూనె తాగి నల్లబడ్డ భాగంలో చీలికలుంటాయి. పెద్ద తూటా తన్ను నేరుగా అక్కడే పడుతుంది. గొట్టాలు, యాక్షన్, ముందు కర్ర మీద సీరియల్ నంబర్లు ఒకటే అయ్యుండాలి.

పేరు విషయానికి వస్తే, పక్కపలకల మీద యంత్రాంగం ఉండే సైడ్‌లాక్ రైఫిల్ మామూలు బాక్స్‌లాక్ కంటే రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పలుకుతుంది. గురిలో తేడా ఉండనక్కర్లేదు. వెస్ట్లీ రిచర్డ్స్‌లో 1875లో ఆన్సన్, డీలీ తెచ్చిన బాక్స్‌లాక్ తక్కువ ముక్కలతో, ఎక్కువ గట్టిగా ఉంటుంది. కలకత్తాలో రోడా, మాంటన్ లాంటి దుకాణాలు తమ పేరు చెక్కించి అమ్మినవి చాలావరకు బర్మింగ్‌హామ్‌లో తయారైనవే. లండన్ పేరు లేదన్న ఒక్క కారణంతో వాటిని తక్కువకు ఇచ్చేస్తుంటారు. ఈ రంగంలో అసలు విలువ కంటే తక్కువగా పోతున్నవి ఏవని అడిగితే నేను వాటినే చూపిస్తాను.

యజమాని పేరు తోడైతే ఈ లెక్కలన్నీ మారిపోతాయి. 1909లో ఆఫ్రికా వెళ్లిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు ఇంగ్లండ్ మిత్రులు కానుకగా ఇచ్చిన హాలండ్ రైఫిల్ ఇప్పుడు మ్యూజియం వస్తువు. రచయిత హెమింగ్వే దగ్గరున్న .577 వెస్ట్లీ రిచర్డ్స్ 2011 వేలంలో మూడు లక్షల డాలర్లు దాటింది. జిమ్ కార్బెట్ పులుల వేటలో వాడిన .450/400 జెఫ్రీ రైఫిల్ పనితనంలో సాదా బాక్స్‌లాకే. దానికొచ్చే విలువ కార్బెట్‌ది. ఇలాంటి కథ చెప్పి ఎవరైనా అమ్మజూపితే తయారీదారు లెడ్జర్ నకలు అడగాలి. ఉత్తరాలు, ఫొటోలు, కొన్ననాటి బిల్లు లేని కథకు పైసా కట్టనక్కర్లేదు.

మన దగ్గరి సంగతికొస్తే, హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులివేట మీద ఉన్న మోజు తెలియనివాళ్లు తక్కువ. సంస్థానాల్లో, జమీందారీల్లో ఇంగ్లిష్ రైఫిళ్లు చాలా చేరాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది, ముగియాల్సిందే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాళ్లే కొనాలి, ఉంచుకోవాలి. 2019 సవరణతో ఒక్కొక్కరికి రెండు ఆయుధాలే పరిమితి. వందేళ్లు దాటినదాన్ని పురావస్తు చట్టం దేశం దాటనివ్వదు. అందుకే విదేశీ వేలం ధరలు చూసి ఇక్కడి రైఫిల్‌కు అంతే వస్తుందనుకోవడం పొరపాటు. ఇక్కడ కొనగలిగేవాళ్లు గుప్పెడు మంది.

అయినా తాతలనాటి రైఫిల్ ఇంట్లో ఉన్నవాళ్లు చేయగలిగినవి ఉన్నాయి. లైసెన్సు, వారసత్వపు కాగితాలు సరిచూసుకోండి. ఎన్నికలప్పుడో మరెప్పుడో స్టేషన్‌లో అప్పగించాల్సి వస్తే గొట్టాల లోపల పలచగా నూనె రాసి ఇవ్వండి, తిరిగి రాగానే తుడవండి. తోలు పెట్టెలో పెట్టి మూసి ఉంచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. కానీ ఆ పెట్టెను, మూత లోపలి కాగితాన్ని, పాత సామాన్లను పారేయొద్దు. మెరుగు పెట్టించొద్దు. సీరియల్ నంబర్ రాసుకుని తయారీదారుకు పంపండి. పేరున్న పాత కంపెనీల్లో చాలావాటి లెడ్జర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రైఫిల్ ఏ సంవత్సరంలో, ఎవరి కోసం, ఏ తూటాకు, ఎంత మందుకు గురి కుదిర్చారో అందులో రాసి ఉంటుంది.